అమ్మ విడిచిన చేపలు

కురుమయ్యకు గొర్రెల గురించి తెలియని సంగతి లేదు. కళ్ళు మూసుకుని కూర్చున్నా సరే, దగ్గు విని అది మందలో ఏ గొర్రెదో చెప్పేవాడు. ఏ వానకు గిట్టలు మెత్తబడతాయో, ఏ చేలో మేస్తే కడుపు ఉబ్బుతుందో, అన్నీ ఆయనకు కంఠతా వచ్చు. వీపనగండ్ల చుట్టుపక్కల ఏ ఊళ్ళో మందకు జబ్బు చేసినా ముందు ఆయనకే కబురు వచ్చేది. అంత తెలిసిన మనిషి చేపల దగ్గరికొచ్చి అంత తెలివితక్కువ పని ఎందుకు చేశాడయ్యా అంటే, ఆ తెలిసినతనం వల్లే చేశాడు. ఏమీ తెలియనివాడైతే బుద్ధిగా చెప్పిన మాట వినేవాడు.

మంద అమ్మేసి ఐదేళ్ళయింది. మోకాళ్ళు మొరాయించాయి. కాలువ నీళ్ళు వచ్చాక బీళ్ళన్నీ వరిమళ్ళయిపోయి మేతకు చోటు లేకుండా పోయింది. ఇక ఆయనకు పొద్దు గడిస్తేనా! ఆరు నెలలు గడప మీద కూర్చుని భార్య సత్తెమ్మ ప్రాణం తోడేశాడు. చివరికి ఆమే పోరి పోరి, బోరు పక్కన ఎకరం నేలలో చేపల గుంట తవ్వించింది. అందులో బొచ్చెలు వేశారు, రవ్వలు వేశారు, బంగారు తీగలు వేశారు.

బొచ్చెలన్నా రవ్వలన్నా కురుమయ్యకు పెద్ద ఖాతరు లేదు. బంగారు తీగలంటేనే పిచ్చి. అడుగున బురద కెలుక్కుంటూ తిరిగే చేప అది. పసుపు పూసినట్టుండే పొట్ట, మూతికి రెండు పక్కలా చిన్న మీసాలు. తవుడు బుట్ట పట్టుకుని గట్టు మీద నిలబడి, మందను పిలిచినట్టే నాలుక ఆడించి కూత వేసేవాడు. నెల తిరక్కుండా అవి ఆయన అలికిడికి రావడం నేర్చాయి. నోళ్ళు తెరుచుకుని గట్టు దాకా వచ్చేవి.

"గొర్లు పోయినా కూత పోలె నీకు," అనేది సత్తెమ్మ. "చేపలకు కూతలేసే మొగోన్ని నిన్నే సూసిన."

"నవ్వు, నవ్వు. నువ్వు పిలిస్తె ఒక్కటి గూడ రాదు," అనేవాడు ఆయన గొప్పగా.

పోయినేడు పుష్యమాసంలో చలి గట్టిగా పట్టింది. ఒక పొద్దున తవుడు చల్లితే ఒక్క తీగా రాలేదు. అలిగాయేమో అనుకున్నాడు. మర్నాడు పదో పన్నెండో తేలాయి. మూడోనాటికి గుంట ఒక మూలంతా చచ్చిన చేపలే, చూస్తే అన్నీ బంగారు తీగలే. బతికున్నవి అడుగున ఒరిగి పడుకుని కునుకుతున్నాయి. చేత్తో కదిపితే కాస్త దూరం ఈది మళ్ళీ పడిపోతున్నాయి. మొప్ప ఎత్తి చూస్తే, ఎర్రగా ఉండాల్సిన చోట పాలిపోయి, అక్కడక్కడా కుళ్ళి ఉంది. కళ్ళు లోపలికి పోయాయి. బొచ్చెలకూ రవ్వలకూ మాత్రం ఏమీ కాలేదు, వాటి మానాన అవి తిరుగుతున్నాయి. కురుమయ్య గట్టు మీద కూలబడ్డాడు.

వనపర్తి నుంచి ఫిషరీస్ మేడం వచ్చింది. పేరు పద్మజ, ముప్ఫై దాటని పిల్ల. ఇటు కొల్లాపూర్ దాకా చేపల గుంటలన్నీ ఆమే చూసేది. గట్టెక్కే ప్రతివాళ్ళ కాళ్ళకూ మందు నీళ్ళు పోయించి, తన కాళ్ళకూ పోసుకుని, అప్పుడు దిగింది గుంటలోకి. రెండు చేపలు కోసి చూసి, ముక్కలు చిన్న సీసాల్లో వేసుకుంది.

"మందేమన్న రాయి మేడం," అన్నాడు కురుమయ్య. "సూది గిట్ల ఏమన్నుందా?"

"సూది లేదు, గోలీ లేదు పెద్దయ్యా. ఇది వైరస్. బంగారు తీగలకు, రంగు చేపలకు వస్తది. రంగు చేపలంటే ఏంది, ఈ తీగల జాతే, రంగు వేరు. ఇంకో గుంటకు పోకుండ ఆపుడొక్కటే మన చేతులున్నది."

"ఎట్ల ఆపాలె?"

"చచ్చినవి లోతుగ బొంద తీసి సున్నమేసి పూడ్చు. బతికున్న తీగలను గూడ చంపి పూడ్చు. బొచ్చెలు, రవ్వలు తినేటోళ్ళకు అమ్ముకో, ఇంకో గుంటల ఎయ్యనీకి మాత్రం ఎవరికీ ఇయ్యకు. నీళ్ళు కాల్వల ఇడువకు. గుంట నెర్రెలు వారేదాంక ఎండాలె. నీ వల గూడ ఎవరికీ ఇయ్యకు."

కురుమయ్య అన్నిటికీ తల ఊపుతూ ఒక్కచోట ఆగాడు. "బతికినవి గూడ చంపాల్నా మేడం? అవి తట్టుకున్నయ్ గద?"

"తట్టుకుంటయ్. కాని రోగం లోపల్నే ఉంటది. ఎండాకాలం ఏం తెల్వదు, మంచిగ తిరుగుతయ్. మల్ల చలి వడంగనే లేస్తది. అవి చావయ్ పెద్దయ్యా, పక్కనున్న చేపలను చంపుతయ్. ఒక్కటి గూడ ఉంచకు. సమజైందా?"

"సమజైంది," అన్నాడు. అనడంలో, తల ఊపడంలో మనవాళ్ళను మించినవాళ్ళు ఎక్కడున్నారు చెప్పండి! ఆఫీసు నుంచి వచ్చినవాళ్ళు జీపెక్కే దాకా ఊపుతూనే ఉంటాం.

అయినా ఉన్నమాట చెప్పుకోవాలి, కురుమయ్య చాలామటుకు చెప్పినట్టే చేశాడు. నిలువులోతు బొంద తీయించాడు, బస్తాలకు బస్తాల సున్నం పోశాడు. గుంట నీళ్ళు మందు కలిపి తన చేనుకే పారించుకున్నాడు, కాలువలోకి చుక్క వదల్లేదు. వల అడగడానికి వచ్చిన పక్క ఊరివాణ్ణి వెనక్కి పంపాడు. చేతులు సున్నానికి పగిలి నెత్తురు కారుతున్నా ఆపలేదు. అన్నీ అయ్యాక, నడుమ మిగిలిన మోకాలి లోతు మడుగులో తొమ్మిది బంగారు తీగలు కనిపించాయి.

ఆ తొమ్మిదీ కునకడం లేదు. బలంగా, చురుగ్గా, మడుగంతా కలియతిరుగుతున్నాయి. ఒకదాన్ని వలతో పైకి తీసి మొప్ప ఎత్తి చూశాడు, ఎర్రగా నిగనిగలాడుతోంది. చంపుదామనే దిగాడు మనిషి. దిగినవాడి కాళ్ళ దగ్గరికి అవే వచ్చి పిక్కలకు మూతులు ఆనించాయి, తవుడు తెచ్చాడేమోనని. ఇక ఆయనకు చేతులు ఆడలేదు.

వాళ్ళ ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. మందకు అమ్మ పోసినప్పుడు, అంటే ఒళ్ళంతా బొబ్బలు లేచి గొర్రెలు పిట్టల్లా రాలిపోయే రోగం వచ్చినప్పుడు, చివరికి బతికి నిలబడిన గొర్రెను 'అమ్మ విడిచిన గొర్రె' అనేవాళ్ళు. దాన్ని కోయరు, సంతకు తోలరు. దానికి మళ్ళీ ఆ రోగం రాదు. ఇంటి ఆడపడుచు సొంతంగా మంద పెట్టుకుంటే ఆ గొర్రెనే, మెడకు పసుపు గుడ్డ కట్టి, నడిపించుకెళ్ళి ఇచ్చేవాళ్ళు. ఇంటి బలం ఇచ్చినట్టు. కురుమయ్య నాయన తన చెల్లెలికి అలాగే ఇచ్చాడు, ఆమె మంద నిలిచింది కూడా. గొర్రెల విషయంలో అందులో తప్పేమీ లేదు. చేప గొర్రె కాదు, అంతే.

ఆయన తొమ్మిదింటినీ బిందెలో వేసుకొచ్చి, పాత దొడ్డిలో ఉన్న కుడితి తొట్టిలోకి బోరు నీళ్ళు పట్టి వదిలాడు.

"మేడం ఒక్కటి గూడ ఉంచొద్దన్నది గదయ్యా," అంది సత్తెమ్మ. "నేను గూడ ఇన్న."

"మేడంకు సదువు తెలుసు. పానం సంగతి నాకు తెలుసు. నలభై ఏండ్లు మంద కాసినోన్ని, బతికేదేందో సచ్చేదేందో నాకు తెల్వదా?"

మర్నాడు పద్మజ ఫోన్ చేసి, "అన్ని పూడ్చినవా పెద్దయ్యా?" అని అడిగింది. "అన్ని పూడ్చిన మేడం," అన్నాడు. సత్తెమ్మ చాటలో బియ్యం చెరుగుతూ ఆయన మొహంలోకి చూసింది. ఏమీ అనలేదు. అని ఉంటే బాగుండేదని ఆమె తర్వాత ఎన్నిసార్లో ఏడ్చింది పాపం.

ఎండాకాలం గడిచింది, వానాకాలం గడిచింది. చేపలు తొట్టిలో మోచేతి పొడుగు పెరిగాయి. ఒక్కదానికి చిన్న మచ్చ కూడా లేదు. పద్మజ మాట తప్పనీ తన మాటే నిజమనీ కురుమయ్యకు రోజురోజుకూ నమ్మకం కుదిరింది. ఎండిన గుంటలో కొత్త నీళ్ళు పట్టి ఈసారి బొచ్చెలూ రవ్వలూ మాత్రమే వేశాడు. ఈ తొమ్మిదీ ఎవరికివ్వాలో ఆయన మనసులో ఎప్పుడో అనుకున్నాడు.

ఆయనకు ఒక్కగానొక్క చెల్లెలు. పేరు జములమ్మ, కొల్లాపూర్ అవతల మామిడితోటల మధ్య చిన్న ఊళ్ళో ఉంటుంది. భర్త పోయి ఆరేళ్ళయింది. ఆయన పోయిన ఏడాదే ఎక్కడో వారం రోజుల శిక్షణకు వెళ్ళొచ్చి, ఇంటి వెనక నాలుగు సిమెంటు తొట్లు కట్టించుకుని రంగు చేపలు పెంచడం మొదలుపెట్టింది. "ఇంత చిన్న చేపలు ఎవడు తింటడే?" అని అప్పట్లో ఊరంతా నవ్వింది. అవి తినేవి కాదు, హైదరాబాదులో అద్దాల పెట్టెల్లో పెట్టుకుని చూసుకునేవి. ఆరేళ్ళుగా ఏరి ఏరి తయారుచేసుకున్న తల్లి చేపలు ఆమెకు పద్దెనిమిది. తెల్లటి ఒంటి మీద నెత్తిన మాత్రం ఎర్రమచ్చ ఉన్నదానికి ఎర్రటోపీ అని పేరు. ఒళ్ళంతా నల్లచుక్కలున్నది పట్వారీ. వాటి పిల్లలకే దుకాణాలవాళ్ళు వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు. ఆమె తిండీ గుడ్డా మర్యాదా అన్నీ ఆ పద్దెనిమిది చేపలే.

దసరాకు చెల్లెలికి చీర పెట్టడానికి వెళ్తూ, కురుమయ్య ఆటోలో నీళ్ళ డ్రమ్ము కూడా ఎక్కించుకున్నాడు. డ్రమ్ము మెడకు పసుపు గుడ్డ కట్టాడు.

జములమ్మ తొట్ల దగ్గర ఉంది. పక్కన ఒక పిల్ల చీర కుచ్చిళ్ళు దోపుకుని తొట్టి కడుగుతోంది. "మా సరిత అన్నా. మస్తు పనిమంతురాలు. తాను గూడ ఒక తొట్టి కట్టుకుంటుంది, నేనే నేర్పుతున్న," అంది జములమ్మ. సరిత చేతులు తుడుచుకుని "దండాలు మామా" అంది.

కురుమయ్య డ్రమ్ము మూత తీశాడు. "నాయన ఉంటే నీకు గొర్రెనిస్తుండె. నాకాడ గొర్రె లేదు. ఇవి అమ్మ విడిచిన చేపలే చెల్లె. నా గుంటంత పోయింది, ఇవే నిలవడ్డయ్. నీ తల్లి చేపలల్ల కలుపుకో, నీకు మంచిగైతది."

జములమ్మ నీళ్ళలో వేళ్ళు ముంచి కళ్ళకద్దుకుంది. కళ్ళ నిండా నీళ్ళు. మొగుడు పోయిన దగ్గర్నుంచి తనకూ ఒక ఇల్లుందని గుర్తుపెట్టుకుని ఇలా ఇచ్చినవాళ్ళు లేరు. అయినా ఆరేళ్ళుగా చేపలతో బతికే మనిషి కదా, అడగాల్సింది అడిగింది.

"రోగమొచ్చిన గుంటయి గద అన్నా. ఏం కాదు గద?"

"అమ్మ విడిచినంక ఇగేం రోగమే?"

"మేడం ఏమన్న అన్నదా?"

"ఏమంటది? ఏమనలే."

ఆ ఒక్కమాట అనేటప్పుడు ఆయనకు అబద్ధం ఆడుతున్నానని కూడా అనిపించలేదు. చంటిపిల్లకు చేదు మందు తియ్యగా ఉందని చెప్పినంత తేలిగ్గా అనేశాడు. జములమ్మ తొమ్మిదింటినీ తల్లి చేపల తొట్టిలో తన చేత్తోనే వదిలింది. కురుమయ్య కడుపునిండా భోంచేసి, మీసం దువ్వుకుంటూ బస్సెక్కాడు.

కార్తీకం దాటి చలి మొదలైంది. ఒక పొద్దున ఫోన్ మోగింది.

"అన్నా, నా చేపలు మేతకొస్తలెవ్వు," అంది జములమ్మ. "అడుగున పండుకొని కునుకుతున్నయ్."

కురుమయ్య మొప్పల రంగు ఏమిటని అడగలేదు, కళ్ళెలా ఉన్నాయని అడగలేదు. చెల్లెలు చెప్పుకుపోతూనే ఉంది. ఆయన ఫోన్ చెవికి పెట్టుకుని దొడ్డిలో ఖాళీ తొట్టి వంక చూస్తూ నిలబడ్డాడు. పద్మజ చెప్పిన మాట ఒక్కటి కూడా పొల్లు పోకుండా గుర్తుకొచ్చింది. అంత బాగా విన్నాడన్నమాట అప్పుడు!

వెంటనే బయలుదేరాలి కదా. బయలుదేరలేదు. ఇవాళ నీళ్ళ మోటారు చూడాలన్నాడు, మర్నాడు మోకాలు నొప్పన్నాడు. భయం, ఇంకేమిటి. మూడోరోజు సత్తెమ్మ సంచీ తెచ్చి చేతికిచ్చింది. "నువ్వు పోతవా, నేను పోయి చెప్పాల్నా?" అని అడిగింది. అప్పుడు కదిలాడు.

ఆయన వెళ్ళేసరికి మూడు తొట్లు ఖాళీగా తెల్లగా కనిపిస్తున్నాయి. నాలుగోదాంట్లో మూడో నాలుగో చేపలు పక్కకు ఒరిగి ఉన్నాయి. మామిడిచెట్టు కింద కొత్తగా పూడ్చిన బొంద, దాని మీద సున్నం. జములమ్మ తల కూడా దువ్వుకోలేదు. అన్నను చూడగానే ఏడుస్తుందనుకున్నాడు, ఏడవలేదు. చేయి పట్టుకుని ఇంట్లోకి లాక్కుపోయి తలుపు దగ్గరికి వేసింది.

వంటింటి మూలన డ్రమ్ము ఉంది. మీద దుప్పటి కప్పి ఉంది. దుప్పటి తీసింది. అందులో బంగారు తీగలు నిక్షేపంలా తిరుగుతున్నాయి.

"మేడం మొన్న వచ్చింది," అంది జములమ్మ గొంతు తగ్గించి. "కొత్త చేపలేమన్న తెచ్చినవా అని ఒకటికి పదిసార్లు అడిగింది. లేదన్న."

"ఎందుకన్నవే?"

"చెప్తే వీటిని గూడ చంపుమంటది గదా. నావెట్లైన పోయినయ్. నువ్వు ఇంటి బలమని తెచ్చిచ్చినవి, నేనెట్ల చంపుకుంట? సూడు, వీటికేమన్నయిందా? అమ్మ విడిచినవి గదా! ఇయ్యాల మల్ల వస్తదట మేడం. నీ చేపలు నువ్వు తీస్కపో అన్నా. ఇవన్న బతకనీ."

తన తల్లి చేపలన్నీ ఒక్కొక్కటే చచ్చిపోతుంటే, వాటిని చంపిన ఈ చేపల్ని ఆమె దుప్పటి కప్పి కాపాడుతోంది. అన్న ఇచ్చాడని.

ఒకటి మాత్రం నిజం. ఆ డ్రమ్ము ఎత్తుకుని ఆటో ఎక్కితే అయిపోయేది. ఆమె ఎప్పటికీ అనుమానించదు. చలి వల్లో, నీళ్ళ వల్లో, తన ఖర్మ వల్లో పోయాయనుకుని ఏడ్చి ఊరుకుంటుంది, అన్నను తలుచుకుని దండం పెట్టుకుంటుంది. కురుమయ్య చేతులు డ్రమ్ము అంచు దాకా వెళ్ళాయి కూడా. అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు.

"చెల్లె, ఇవే చంపినయ్ నీ చేపలను."

"ఏందన్నా?"

"రోగం వీటి లోపల్నే ఉంటదట. చలి వడంగనే లేస్తదట. ఇవి చావయట, పక్కవి చస్తయట. మేడం నాకు పోయినేడే చెప్పింది. ఒక్కటి గూడ ఉంచొద్దన్నది. అన్ని పూడ్చిన్నని ఆమెకు అబద్ధం చెప్పిన. ఏమనలేదని నీకు అబద్ధం చెప్పిన."

జములమ్మ గోడకు ఆనుకుని అలాగే నిలబడింది. తిడుతుందని చూశాడు. నెత్తి మీద రెండు దెబ్బలు వేసినా బాగుండుననుకున్నాడు. ఆమె అన్న మాట ఇది:

"ఎర్రటోపీని పొద్దుగాల్నే పూడ్చిన. చల్లగ ఉండె. జరంత గాలాడుతదేమోనని శానాసేపు చేతుల పట్టుకొనే ఉన్న."

ఫోన్‌లో పద్మజ నంబరు తీసి అన్న చేతిలో పెట్టింది. "నువ్వే చెప్పు."

కురుమయ్య చెప్పాడు. ఎక్కడా దాచలేదు. ఆ పిల్ల అరిచినా బాగుండేది, అరవలేదు. "లవంగ నూనె సీసా మొన్న జములమ్మకు ఇచ్చిపోయిన. అది కలిపిన నీళ్ళల్ల ఏస్తే నిద్రల్నే పోతయ్. వాటిని గూడ గట్లనే చెయ్యి పెద్దయ్యా. నేను రెండు గంటల్ల వస్త," అంది. తర్వాత అడిగింది, "ఇంకెవరికన్న ఇచ్చిర్రా?"

"ఎవరికియ్యలె మేడం. తొమ్మిది తెచ్చిన, తొమ్మిది చెల్లెకే ఇచ్చిన."

అంటూ డ్రమ్ములోకి చూశాడు. ఏడే ఉన్నాయి. తలెత్తి చూస్తే జములమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఉంది.

"దీపావళికి సరితకిచ్చిన," అంది. "రెండు. కొత్తగ మొదలువెడ్తుంది, ఉత్త తొట్టితోని ఎందుకని. మన ఇంట్ల అట్లనే ఇస్తరని చెప్పి ఇచ్చిన."

ఆ ఏడింటినీ కురుమయ్యే చంపాడు. బకెట్‌లో లవంగ నూనె కలిపి, ఒక్కొక్కటే దించాడు. మీసాలాడిస్తూ అవి ఆయన వేళ్ళను వెతుక్కున్నాయి, మెల్లగా ఒరిగాయి. పోయినేడు ఆ మడుగులో ఈ పని చేసి ఉంటే ఇంతకంటే ఎక్కువ బాధేమీ ఉండేది కాదు. ఆ సంగతి ఇప్పుడు తెలిసింది. ఇప్పుడు తెలిసి ఎవరికి లాభం? పూడ్చి, సున్నం చల్లి, చేతులు మందు నీళ్ళతో కడుక్కుని, మిగిలిన నూనె సీసా జేబులో వేసుకుని అన్నాచెల్లెళ్ళు సరిత ఉండే కాలనీ వైపు నడిచారు.

"ఆడ నేను చెప్ప," అంది జములమ్మ దారిలో. "నన్ను నమ్మి ఈ పనిల దిగిన పిల్ల ఆమె. నువ్వే చెప్పు."

సరిత ఇల్లు కాలనీ చివరన. క్రిస్మస్ నెల, వాకిట్లో కర్రకు రంగుకాగితపు నక్షత్రం వేలాడుతోంది. ఏటా దసరా దాటగానే మొగుడు జయపాల్‌తో కలిసి పూనాకు కట్టడం పనికి పోయే పిల్ల, ఈ ఏడే మొదటిసారి ఊళ్ళో ఉండిపోయింది. ఈ తొట్టిని నమ్ముకుని జయపాల్‌ను ఒక్కణ్ణే పంపింది.

"రా మామా. అత్తా, నీ చేపలెట్లున్నయ్? వద్దామంటే నువ్వే రావొద్దంటివి," అంటూ ఎదురొచ్చింది. సరిత ఇద్దర్నీ ఇంటి వెనక్కి తీసుకుపోయి తొట్టి మీద పరిచిన వల పక్కకు లాగింది.

చిటికెన వేలంత రంగు చేపలు నలభై దాకా ఉన్నాయి. ఎర్రవి, తెల్లవి, నారింజవి. వాటి మధ్య రెండు బంగారు తీగలు పెద్దమనుషుల్లా తిరుగుతున్నాయి. మనిషి నీడ పడగానే అన్నీ కలిసి పైకొచ్చాయి.

"ఒక్కటి గూడ సావలే మామా. నీ చేపలు వచ్చిన ఏళ మంచిది. సంక్రాంతి దాటినంక హైదరాబాద్ షావుకారి వచ్చి సూస్తనన్నడు. జయపాల్‌ను ఇగ పూనాల పని బందువెట్టి రమ్మన్న."

ఇంత సంతోషంగా ఉన్న మనిషికి ఎక్కడ మొదలుపెట్టి చెప్పాలి? కురుమయ్య తన గుంటతో మొదలుపెట్టి జములమ్మ వంటింటి దాకా అంతా చెప్పాడు. సరిత మొదట నవ్వు మొహంతోనే వింది. జములమ్మ కొంగు కళ్ళకు పెట్టుకోవడం చూసి నవ్వు ఆగిపోయింది.

"ఇవి మంచిగున్నయ్ గద మామా?" అంది తొట్టి అంచు పట్టుకుని. "సావనోటిని ఎందుకు చంపాలె?"

"ఇయ్యాల మంచిగున్నయ్ బిడ్డా. పది దినాలకో, నెలకో లేస్తది. నువ్వెవరికన్న నాలుగు పిల్లలిస్తవ్, నీ వల ఎవరన్న అడిగి తీస్కపోతరు. నా కాడ్నుంచి చెల్లె కాడికొచ్చె, చెల్లె కాడ్నుంచి నీ కాడికొచ్చె. నీ కాడ్నే ఆగాలె."

"నేనెవరికీ ఇయ్య. వల గూడ ఇయ్య."

"నేను గూడ అట్లనే అనుకున్న."

సరిత ఆయన వైపు తిరిగింది. "మేడం నీకు పోయినేడే చెప్పిందా?"

"చెప్పింది."

"సమజయ్యేటట్టు చెప్పిందా?"

"మంచిగ చెప్పింది బిడ్డా. ఒకటికి రెండుసార్లు చెప్పింది."

"మరెందుకు చంపలే?"

"పానమొప్పలె."

"నాకొప్పుతదా మరి?"

సరిత తొట్టి పక్కన కూర్చుని నీళ్ళలో చెయ్యి పెట్టింది. చేపలన్నీ మూగి వేళ్ళు కొరకసాగాయి. ఆ పిల్ల భుజాలు కదలడం వెనక నుంచి కనిపిస్తోంది. జములమ్మ దగ్గరికి వెళ్ళబోయి, వెళ్ళలేక ఆగిపోయింది. కురుమయ్యకు సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోయింది. ఇక లేవదు, మనల్ని వెళ్ళిపొమ్మంటుంది, అన్నా న్యాయమే, అనుకున్నాడు.

సరిత లేచింది. మోచేత్తో కళ్ళు తుడుచుకుని, ఇంట్లోంచి నీళ్ళ బకెట్ తెచ్చి తొట్టి పక్కన పెట్టింది. కురుమయ్య జేబులోంచి తీసిన లవంగ నూనె సీసా అందుకుని మూత తిప్పింది.

"దీనికి ఎంత పొయ్యాలె మామా?" అని అడిగింది.